మీ వాళ్ళతోనే వేశానులే

పోయినేడాది జూన్‌లో ఒక పొద్దున మా అక్క కూతురు ఫోన్ పట్టుకుని డాబా మెట్ల మీద కూర్చుంది. మార్కాపురంలో వాళ్ళింట్లో సిగ్నల్ గట్టిగా అందేది ఆ మూడో మెట్టు మీదే. విశాఖపట్నంలో ఒక మహిళా కళాశాలలో దానికి డిగ్రీ సీటు వచ్చింది. హాస్టల్ ఫారం పదింటికి ఆన్‌లైన్‌లో తెరుచుకుంటుందనీ, ముందు పంపినవాళ్ళకే ముందు గది అనీ అంతకు ముందు రోజు మెసేజ్ వచ్చింది. మా అక్క ఫైలు పట్టుకుని పక్కనే నిలబడింది. ఆధార్, కులం, ఆదాయం, ఇంటర్ మార్కుల మెమో, టీసీ, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు అన్నీ స్కాన్ చేయించి సిద్ధంగా పెట్టుకున్నారు. అయినా ఇద్దరి ముఖాల్లోనూ టెన్షనే.

ఫారం తెరుచుకుంది. తండ్రి పేరు, తండ్రి వృత్తి, వార్షికాదాయం, కులం, ఉపకులం, లోకల్ గార్డియన్ పేరు, ఆయన ఫోన్ నంబరు, చూడటానికి వచ్చే బంధువుల ఫోటోలు. పిల్ల చకచకా నింపుకుంటూ పోతోంది. చివర్లో ఒక గడి దగ్గర ఆగిపోయింది. కోరుకునే రూమ్మేట్ల పేర్లు, ముగ్గురికి మించకుండా రాయమని ఉంది.

"పిన్నీ, నాకక్కడ ఎవరూ తెలీదు. ఎవరి పేర్లు రాయను?"

నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. ఆ గడి ఎవరికి అక్కరకొస్తుందో నాకు తెలుసు. ఒకే కార్పొరేట్ జూనియర్ కాలేజీలో రెండేళ్ళు కలిసి చదివి, సీట్లు రాగానే వాట్సాప్‌లో గ్రూపు పెట్టుకుని, నలుగురు నలుగురుగా జట్టు కట్టుకున్న పిల్లలు దాన్ని పది సెకన్లలో నింపేస్తారు. మా పిల్ల దాన్ని ఖాళీగా వదిలేసి ఫారం పంపింది. అప్పటికి పది గంటల పదకొండు నిమిషాలు. పదిన్నర కాకముందే ఫారం మూసుకుపోయిందని తర్వాత తెలిసింది.

ఆ గడి చూసిన దగ్గర్నుంచీ నాకు 1997 గుర్తొస్తూనే ఉంది.

అప్పుడు మా నాన్న మార్కాపురంలోనే పలకల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. గుంటూరులో ఒక మహిళా కళాశాలలో నాకు బీఎస్సీ సీటు వచ్చింది. తెల్లవారుజామున బస్సెక్కి, వినుకొండ, నర్సరావుపేట మీదుగా గుంటూరు చేరేసరికి పదకొండు దాటింది. ఒక ట్రంకు పెట్టె, బకెట్టు, మగ్గు, తాడుతో కట్టిన బొంత, అమ్మ గుడ్డలో చుట్టి ఇచ్చిన కందిపొడి సీసా. ఆఫీసు గదిలో నీలం అట్ట రిజిస్టరు ముందు గుమాస్తా కూర్చుని ఉన్నాడు. కుర్చీలు ఖాళీగా ఉన్నా మా నాన్న కూర్చోలేదు. గుమాస్తా కాగితాల్లోంచి కుల ధృవీకరణ పత్రం తీసి చూశాడు. పెన్ను మూత తీసి నా పేరు పక్కన 14 అని రాశాడు. తలెత్తి, ఎంతో ఆప్యాయంగా అన్నాడు.

"నీకు మీ వాళ్ళతోనే వేశానులేమ్మా. ఇబ్బందేం ఉండదు."

మా నాన్న ఆయనకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

మేం ఎస్సీలం. 14వ నంబరు గది కింది అంతస్తులో చివరిది, బాత్రూముల పక్కన. మా నలుగురిదీ ఒకే కులం కాదు గానీ, నలుగురం ఎస్సీలమే. ఆ గుమాస్తా చెడ్డవాడు కాడు. తనకు తోచిన మంచే చేశాడు. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే. హాస్టల్ గదుల కేటాయింపులో జరిగే అన్యాయం చాలాసార్లు మంచి మాటతోనే జరుగుతుంది. దణ్ణం పెట్టించుకుని మరీ జరుగుతుంది.

గది అంటే నాలుగు మంచాలు, నాలుగు బీరువాలు అనుకుంటారు బయటివాళ్ళు. హాస్టల్లో ఒక్క నెల ఉన్నవాళ్ళను అడగండి. పై అంతస్తు గదుల్లో ఎండాకాలం స్లాబు వేడికి రాత్రి రెండైనా నిద్ర పట్టదు. నీళ్ళు తగ్గిన రోజు కుళాయిలు ముందు ఎండిపోయేదీ పైనే. కింద బాత్రూముల పక్క గదికి తెల్లవారుజామున నాలుగున్నర నుంచీ బకెట్ల చప్పుడు, ఎప్పుడూ చెమ్మ వాసన. వంటగది మీదున్న గదికి తిరగమోత ఘాటు. నలుగురికీ కలిపి ఒకే ప్లగ్ పాయింటు ఉన్న గదులుంటాయి, మంచానికొకటి ఉన్నవీ ఉంటాయి. రెండు వైపులా కిటికీలున్న మూలగది ప్రతి హాస్టల్లోనూ ఒకటో రెండో ఉంటాయి. అవి ఎవరికి వెళ్తున్నాయో వరుసగా మూడేళ్ళు గమనిస్తే ఆ కాలేజీ సంగతి మొత్తం అర్థమైపోతుంది.

కానీ గాలీ వెలుతురూ కంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. అది నాకు మూడో సంవత్సరంలో గానీ తెలియలేదు. ఆ ఏడాది వానలకు మా గది గోడ నాని పెచ్చులూడితే, బాగు చేసేదాకా మమ్మల్ని పై గదుల్లో ఒక్కొక్కరిగా సర్దారు. నేను 31లో నేల మీద పరుపు వేసుకుని పదిహేను రోజులున్నాను. ఆ గదిలో తెనాలి అమ్మాయి ఒకతె ఉండేది. ఒకరోజు రాత్రి ఆమె సెంట్రల్ యూనివర్సిటీ ఎంట్రన్స్ ఫారం నింపుతోంది. అదేంటని అడిగాను. నాకు తెలియకపోవడం చూసి ఆమె ఆశ్చర్యపోయింది. వాళ్ళక్క అక్కడే చదువుతోందట. ఆ గదిలో నలుగురికీ ఆ సంగతి మొదటి సంవత్సరం నుంచే తెలుసు. ఏ పుస్తకాలు చదవాలో, పాత ప్రశ్నపత్రాలు ఎక్కడ దొరుకుతాయో, ఫారం ఏ నెలలో వస్తుందో అన్నీ తెలుసు. మా 14లో ఎవ్వరికీ తెలియదు. నాలుగు ఇళ్ళల్లోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి మేమే. ఒకరికి తెలియనిది మిగతా ముగ్గురికీ తెలియదు.

ఆమె దగ్గరున్న రెండో ఫారం నాకిచ్చింది. నేను ఎమ్మెస్సీ చదివింది ఆ కాగితంతోనే. నా రూమ్మేట్లలో ఇద్దరు నాకంటే బాగా చదివేవాళ్ళు. వాళ్ళను సర్దిన గదుల్లో అలాంటి ఫారం లేదు. గోడ నానకపోతే నాకూ లేదు.

అందుకే గదులు ఎలా పంచాలన్నది చిన్న విషయం కాదని ఇంత గట్టిగా అంటున్నాను. నోటీసు బోర్డులో పెట్టని సంగతులు హాస్టల్ గదుల్లో తిరుగుతుంటాయి. స్కాలర్‌షిప్ చివరి తేదీ, ఏ లెక్చరరును అడిగితే ఓపిగ్గా చెప్తారు, ఇంగ్లిష్‌లో ఉత్తరం ఎలా రాయాలి, ఇంట్లో పెళ్ళి సంబంధం చూస్తుంటే ఒక ఏడాది ఎలా ఆపాలి. ఇవన్నీ రాత్రి పదింటి తర్వాత, లైటు తీసేశాక, మంచం మీంచి మంచం మీదికి దాటే మాటలు.

మన దగ్గర గదులు పంచే పద్ధతులు నాలుగైదు ఉన్నాయి. ముందు వచ్చినవాళ్ళకు ముందు అనేది చూడ్డానికి న్యాయంగా కనిపిస్తుంది. ముందు రాగలిగేది ఎవరు? ఊళ్ళో చుట్టాలున్నవాళ్ళు, కారున్నవాళ్ళు, తండ్రికి ఒకరోజు కూలీ పోయినా ఫరవాలేనివాళ్ళు. ఇప్పుడది ఆన్‌లైన్‌కు మారింది. క్యూ కనిపించడం లేదు గానీ క్యూ ఉంది. మూడో మెట్టు మీద కూర్చున్న పిల్ల ఆ క్యూలో వెనకే ఉంది. మార్కులను బట్టి ఇవ్వడం ఇంకొకటి. మంచి గది మంచి మార్కులకు బహుమానమట. చదువుకోవడానికి వెలుతురు, నిశ్శబ్దం ఎక్కువ అవసరమైంది ఎవరికి? సిఫార్సు గదుల గురించి ఎంత తక్కువ రాస్తే అంత మంచిది, అందరికీ తెలిసిందే.

మిగిలింది, ఎవరితో ఉండాలో పిల్లలనే ఎంచుకోనివ్వడం. ఇప్పుడు చాలా కాలేజీలు దీన్ని స్వేచ్ఛగా చెప్పుకుంటున్నాయి. నాకు ఎక్కువ పేచీ దీనితోనే. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్ల, మొదటిసారి ఇల్లు వదిలి వస్తూ, ఎవరి పేరు రాస్తుంది? తెలిసినవాళ్ళ పేరు. తెలిసినవాళ్ళెవరు? అదే ఊరు, అదే మీడియం, అదే ఫీజు కట్టగలిగిన కాలేజీ, చాలాసార్లు అదే కులం. 1997లో గుమాస్తా పెన్నుతో చేసిన పనిని ఇప్పుడు పిల్లల చేతే చేయిస్తున్నాం. అప్పుడు కనీసం చేసిన మనిషి ఒకరు కనిపించేవారు.

మన నేల మీద హాస్టళ్ళ చరిత్రలోనే ఈ ముడి ఉంది. హైదరాబాదులో రెడ్డి హాస్టల్ 1918లో మొదలైంది. ఆ తర్వాత కులానికొకటిగా ఎన్నో వసతి గృహాలు లేచాయి. పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్ళకు పట్నంలో తల దాచుకునే చోటు లేని రోజుల్లో అవి చేసిన మేలు చాలా గొప్పది, దాన్ని తక్కువ చేయను. అక్కడి నుంచి పెద్ద పెద్దవాళ్ళు వచ్చారు. కానీ కులం సొమ్ముతో కులం పిల్లలకు కట్టుకున్న ఇంటికి ఉన్న తర్కం, అందరి కోసం పెట్టిన మహిళా కళాశాల హాస్టల్లోకి గది గదిగా ఎందుకు రావాలి?

నేను ఎమ్మెస్సీ అయ్యాక లెక్చరరునయ్యాను. వేరే ఊళ్ళో ఒక కళాశాలలో మూడేళ్ళు డిప్యూటీ వార్డెనుగా చేశాను. మొదటి ఏడాది పాత పద్ధతే నడిపాను. జాబితా తయారయ్యే వారం రోజులూ ఫోన్లు ఆగలేదు. రెండో ఏడాది, కొత్తగా చేరేవాళ్ళకు చీటీలు వేద్దామని అడిగాను. ప్రిన్సిపల్ మేడమ్ ఒప్పుకోవడానికి నెల పట్టింది.

ఎలా చేశామో వివరంగానే చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. కొత్త పిల్లలు 92 మంది, గదికి నలుగురు చొప్పున 23 గదులు. ప్రతి అమ్మాయీ తోడుగా ఒక్కరి పేరు ఇవ్వొచ్చన్నాం. ఒక్కరే, ముగ్గురు కాదు. తోడు లేనివాళ్ళకు వాళ్ళలో వాళ్ళకే చీటీ తీసి జత కలిపాం. అలా 46 జంటలయ్యాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళు, కాలు ఇబ్బంది ఉన్నవాళ్ళు, డాక్టరు కాగితం ఉన్నవాళ్ళకు ముందే కింద గదులు చూసి ఇచ్చేశాం. మిగతా అందరినీ గంటసేపు గదులన్నీ తిరిగి చూడమన్నాం. ఏ గదిలో ఎన్ని ప్లగ్ పాయింట్లున్నాయో, ఏ ఫ్యాను రెగ్యులేటరు పనిచేయదో బోర్డు మీద దాచకుండా రాశాం.

చీటీల్లో గది నంబర్లు రాయలేదు. వరుస నంబర్లు రాశాం. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ కీలకమంతా ఇక్కడే ఉంది. గది నంబరు రాస్తే అదృష్టం తప్ప ఇంకేమీ మిగలదు. వరుస నంబరు రాస్తే, నీ వంతు వచ్చినప్పుడు మిగిలినవాటిలో నీకు కావలసింది నువ్వే ఎంచుకుంటావు. మెస్సులోంచి తెచ్చిన స్టీలు పప్పు డబ్బాలో చీటీలు వేసి కలిపాం. ఒక్కో జంటే ఆఫీసు గదిలోకి వచ్చి, బోర్డు చూసి, గది చెప్పి, వెనక తలుపు గుండా వెళ్ళాలి. ఆ గదిలో అప్పటికే ఎవరు చేరారో చెప్పం. సగం నిండిన గది పక్కన ఒక గీత మాత్రం ఉంటుంది.

మూడో నంబరు వచ్చిన జంట లోపలికొచ్చింది. రెండు కిటికీల మూలగది ఇంకా ఖాళీగానే ఉంది. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని బాత్రూముల పక్క గది కావాలన్నారు. నేను పొరబాటు పడ్డారేమోనని మళ్ళీ అడిగాను.

"అదే మేడమ్. రాత్రిపూట అంత పొడుగు వరండాలో ఒక్కదాన్నే నడవాలంటే నాకు భయం."

నేను మూడేళ్ళు శిక్షలా భావించిన గదిని ఆ అమ్మాయి ముచ్చటపడి తీసుకుంది. ఏది మంచి గదో, ఎవరికి మంచిదో వార్డెన్లకు తెలియదని నాకు ఆ రోజు తెలిసింది. తెలుసుకునే మార్గం ఒక్కటే, అడగడం. మనం ఫారంలో తండ్రి ఆదాయం అడుగుతాం గానీ పిల్లను రాత్రి ఎన్నింటికి పడుకుంటావని అడగం.

సాయంత్రానికి అంతా అయిపోయింది. మరుసటి రోజు ఒక తండ్రి వచ్చాడు.

"మేడమ్, మా అమ్మాయిని ఎవరితో వేశారో చూశారా?"

"ఎవరూ వెయ్యలేదండీ. చీటీ మీ అమ్మాయే తీసింది, గదీ తనే ఎంచుకుంది."

ఆయన ఇంకేం మాట్లాడలేదు. వారంలో పిల్లను తీసుకెళ్ళి బయట ప్రైవేటు హాస్టల్లో చేర్చాడు. వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి గేటు దగ్గర ఏడ్చింది. ఆ సంగతి దాచిపెట్టి ఈ పద్ధతి గొప్పదని చెప్పలేను. నెల తర్వాత గది మార్చమని ఎనిమిది మంది అడిగారు, మార్చాం. కారణం అడగలేదు. అడగకూడదన్నది ముందే పెట్టుకున్న నియమం. అడిగితే, అవమానపడ్డ పిల్ల చెప్పదు, ఓర్చుకుంటుంది.

ఇక్కడే నా వాదనకు ఎదురయ్యే అన్నిటికంటే బలమైన మాట చెప్పాలి. అది ఏ అగ్రకులపు తండ్రి చెప్పిందీ కాదు. 14లో నా పక్క మంచం స్నేహితురాలు చెప్పింది. ఇప్పుడు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరు. నేను చీటీల గురించి గొప్పగా చెప్తుంటే ఫోన్లో చాలాసేపు విని, "నీకు 31 దొరికింది కాబట్టి అంటున్నావు. నేను వేరే గదిలో పదిహేను రోజులున్నాను. నా కంచం విడిగా పెట్టేవాళ్ళు. మన 14కి తిరిగొచ్చిన రోజు నాకు నిద్ర పట్టింది. ఆ గది నా నుంచి ఎందుకు లాక్కుంటావు?" అంది.

నా దగ్గర దానికి పూర్తి జవాబు లేదు. ముగ్గురి మధ్య ఒక్క దళిత పిల్లను వేసి అందరూ కలిసిపోతారులే అనుకోవడం ఆ పిల్ల మీద భారం మోపడమే. తోడుగా ఒక్కరిని తెచ్చుకోనివ్వాలని నేను పట్టుబట్టింది అందుకే. తెలిసిన మనిషి ఒకరు, తెలియని మనుషులు ఇద్దరు. కంచం విడిగా పెట్టే గదిలో కనీసం రెండు కంచాలుంటాయి, రెండు గొంతులుంటాయి. నెల తిరిగేసరికి కారణం చెప్పకుండా బయటికొచ్చే దారి ఉంటుంది. కంచం విడిగా పెట్టినవాళ్ళను పిలిచి మాట్లాడే వార్డెను ఉండాలి. అది లేకపోతే చీటీలు వేసి కూడా లాభం లేదని ఒప్పుకుంటాను. ఆమె మాత్రం పూర్తిగా ఒప్పుకోలేదు. మా మధ్య ఈ మాట ఇంకా నడుస్తూనే ఉంది.

నేను అడిగేది ఎక్కడా లేనిదేమీ కాదు. అమెరికాలో పెన్సిల్వేనియాలోని బ్రిన్ మార్ మహిళా కళాశాలలో పిల్లలు వరుస నంబరు తీసుకుని గదులు ఎంచుకుంటారు, పెద్ద తరగతుల వాళ్ళు ముందు. అమెరికాలోనే డ్యూక్ యూనివర్సిటీ 2018లో, కొత్త విద్యార్థులు రూమ్మేట్లను తామే ఎంచుకునే పద్ధతి ఆపేసింది. ముందే సోషల్ మీడియాలో తమలాంటివాళ్ళను వెతుక్కుని వస్తున్నారన్నదే కారణం. దక్షిణాఫ్రికాలో కేప్ టౌన్ యూనివర్సిటీ హాస్టళ్ళలో ఆర్థికవేత్తలు కొందరు పరిశీలన చేశారు. అక్కడ రూమ్మేట్లను కలపడం ఏ ఎంపికా లేకుండా జరిగేది. నల్లజాతి విద్యార్థితో గది పంచుకున్న తెల్లజాతి విద్యార్థుల్లో చిన్నచూపు తగ్గింది. వేరే జాతివాళ్ళతో ఉన్న నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగాయి. ఆ రెండో ఫలితం చదివినప్పుడు నాకు తెనాలి అమ్మాయి ఇచ్చిన ఫారం గుర్తొచ్చింది.

మన దగ్గర దీనికి ఒక వెసులుబాటు ఇప్పటికే ఉంది. ర్యాగింగ్ ఆపడానికి యూజీసీ 2009లో పెట్టిన నిబంధనల్లో, కొత్తగా చేరినవాళ్ళను వీలైనంతవరకు విడి బ్లాకులో ఉంచమని చెప్పారు. అంటే మొదటి సంవత్సరం పిల్లలు ఎలాగూ ఒక్కచోటే ఉంటారు. సీనియర్ల గదులు కదల్చక్కర్లేదు. రెండో సంవత్సరం నుంచి ఎవరితో కావాలంటే వాళ్ళతో ఉండనివ్వండి, అది వాళ్ళ హక్కు. ఏడాది అందరినీ చూశాక ఎంచుకుంటే అది నిజంగా ఎంచుకోవడం. ఎవరినీ చూడకముందే రాసే పేరు ఇంటి నుంచి తెచ్చుకున్నదే.

చీటీలకు అయ్యే ఖర్చు ఒక తెల్ల కాగితాల దస్తా, ఒక మధ్యాహ్నం. నేను అక్కడి నుంచి వచ్చేశాక రెండేళ్ళకు వాళ్ళు మళ్ళీ పాత జాబితాకే వెళ్ళిపోయారని విన్నాను. పద్ధతి బాగాలేక కాదట, ఫోన్లకు జవాబు చెప్పలేకనట.

మా పిల్ల సంగతి చెప్పాలి. పేర్లు రాయని నలుగురినీ ఒక గదిలో వేశారు. ఎవరూ కోరుకోని నలుగురు, పై అంతస్తు, వాటర్ ట్యాంకు కింద. ఒకమ్మాయిది పాడేరు దగ్గర పల్లె, ఒకమ్మాయిది ఇచ్ఛాపురం, ఇంట్లో ఒడియా మాట్లాడతారు. ఇంకొకమ్మాయిది రాజాం. మొదటి నెలంతా ఏడుపు ఫోన్లే. రాత్రి ట్యాంకు నిండి పొర్లితే కిటికీలోంచి జల్లు మంచం మీద పడేదట. తర్వాత ఫోన్లు తగ్గాయి. దసరాకు ఇంటికొచ్చినప్పుడు సంచిలోంచి పాడేరు అమ్మాయి ఇచ్చిన కాఫీ పొడి తీసింది. పెళ్ళి గురించి వాళ్ళమ్మ ఏదో అనబోతే, గిరిజన సంక్షేమ హాస్టల్లో ఆరో తరగతి నుంచీ ఒంటరిగా చదువుకుంటూ వచ్చిన పిల్ల కథ ఒకటి గంటసేపు చెప్పింది. మా అక్క ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఈ ఏడాది రెండో సంవత్సరం ఫారం తెరుచుకున్న రోజు నాకే ఫోన్ చేసింది.

"పిన్నీ, పేర్లు రాసేశాం. నేనూ, పాడేరు తనూ, ఇచ్ఛాపురం తనూ. రాజాం అమ్మాయి వాళ్ళ క్లాసువాళ్ళతో ఉంటానంది, సరే అన్నాం."

"మరి మూడో పేరు?"

"ఖాళీగా వదిలేశాం. కొత్తగా బదిలీ మీద వచ్చేవాళ్ళెవరైనా ఉంటారుగా."